చుక్క దిగని కుండీ

మావారి వృత్తి చిల్లులు పూడ్చడం. ఎవరి డాబా కారినా, ఎవరి స్నానాలగది గోడ చెమ్మగిల్లినా, ఎవరి నీళ్ల ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అయినా ఆయనకే ఫోను వస్తుంది. ఆయన వెళ్లి, గోడకి చెవి ఆనించి, అరచేత్తో రెండుసార్లు తట్టి "ఇక్కడ" అంటారు. అక్కడే ఉంటుంది. పాతికేళ్లుగా ఇదే పని. మా పెళ్లయిన కొత్తల్లో వంటింట్లో జల్లెడ కనిపించినా ఒక్క క్షణం ఆగి చూసేవారు. అది నా కల్పన అంటారాయన. చూసినదాన్ని నేను.

ఆయన అక్కగారు, అంటే నాకు వదినగారు, స్కూళ్ల తనిఖీ అధికారిగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే కాని తనిఖీ నుంచి కాదు. స్కూళ్లు అందుబాటులో లేవు కాబట్టి మా ఇళ్లు చూస్తున్నారు. నేనూ నా తోటికోడలూ చాటుగా ఆవిడని తనిఖీ వదిన అనుకుంటాం. ఎదురుగా మాత్రం "రండి వదినా, కూర్చోండి వదినా" తప్ప ఇంకో మాట రాదు.

తనిఖీ వదిన వరండాలో నలభై మూడు ఆర్కిడ్లున్నాయి. తెల్లవి, ఊదావి, పులి మచ్చలవి, ముఖం మీద మీసం గీసినట్టుండేవి. ఒక పువ్వు విచ్చుకుందంటే రెండు మూడు నెలలు అలాగే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు ఆ వరండా మీద కన్నుంది. ఎందుకంటే, నేను పొద్దున్న వండింది మధ్యాహ్నానికి ఉండదు. మధ్యాహ్నం తోమింది సాయంత్రానికి మళ్లీ తొట్లో పడుతుంది. మడతపెట్టిన దుప్పటి రాత్రయ్యేసరికి విప్పుకుంటారు. నా చేతిమీదుగా వచ్చి మూడు నెలలు నిలిచే వస్తువు ఒకటి ఉంటే చూసుకోవాలని నాకుండేది. పైగా నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. ఆ చదువుని నమ్మి నన్ను ఎవరైనా ఆఖరిసారి అడిగిన ప్రశ్న, ఈ కొత్తిమీర తాజాదేనా అని.

ఇలా ఉండగా ఒకరోజు వదిన మా ఇద్దరు తోటికోడళ్లనీ పిలిపించారు.

"నేను ఇంకో అయిదు నెలల్లో మా అమ్మాయి దగ్గరికి మారిపోతున్నాను. ఆ వాటాకి ఒకటే కిటికీ. ఆ ఒక్క కిటికీలో ఏసీ పెట్టుకున్నారు."

"మరి ఆర్కిడ్లు ఎవరికిస్తారు వదినా?" అన్నాను, ఊరికే అడిగినట్టు. ఊరికే అడగలేదని ఆవిడకి తెలుసు.

"ఇవ్వడం కాదమ్మాయ్. అప్పగించడం. అన్నీ ఒకే ఇంటికి. పదేళ్లనుంచి కలిసున్నాయి, వాటిని విడదీసి పంచడానికి నేను కోర్టుని కాదు."

అని చెరో పొట్లం చేతిలో పెట్టారు. పాత న్యూస్‌పేపరు విప్పితే, మట్టి లేని, కుండీ లేని ఆర్కిడ్ మొక్క. ఆ నలభై మూడూ కాక, విడిగా తెప్పించినది. నాలుగు ఆకులు, కింద బూడిదరంగులో లావుపాటి వేర్లు, పురికొస ముక్కల్లాగా.

"కుండీ మీరే చూసుకోండి. ఏది కొనాలో నేను చెప్పను. నాలుగు నెలల తర్వాత వచ్చి చూస్తాను. పువ్వు ఎవరైనా చూస్తారు. నేను కుండీ చూస్తాను."

నా తోటికోడలు ఇళ్ల లోపలి అలంకరణ చేస్తుంది. కర్టెన్లకీ దిండ్లకీ పొంతన కుదర్చడం ఆమె పని. పొట్లంలోకి తొంగిచూసి అంది.

"ఏ రంగు వదినా?"

"ఏది?"

"పువ్వు. ముందే తెలిస్తే దానికి నప్పే కుండీ తీసుకుంటాను."

వదిన ఆమెవైపు చూశారు. ఒకప్పుడు ఆ చూపుకి హెడ్మాస్టర్లు హాజరుపట్టీలో తప్పు పేజీ తెరిచేవారట. నా తోటికోడలు మాత్రం జవాబు కోసం తల వంచి నిలబడింది. ఆమె ధైర్యం ఆమెది. నాకు మాత్రం లోపల లడ్డూ తిన్నంత సంతోషం వేసింది. ఇక పోటీ ఎక్కడుంది?

మర్నాడే కుండల దుకాణానికి వెళ్లాను.

"పక్కలకి చిల్లులున్న కుండీ కావాలి" అన్నాను.

దుకాణం పెద్దాయన చేతిలో ఉన్న కుండని కింద పెట్టేశాడు. "ఏమ్మా, నా సరుకు మీద ఎవరైనా చాడీ చెప్పారా? మా తాత రోజుల్నించి ఈ దుకాణంలో చిల్లుకుండ అమ్మలేదు."

"అమ్మావని నిష్ఠూరం కాదు పెద్దాయనా. నాకే చిల్లులు కావాలి. ఈ మొక్క వేర్లు గాలి పీలుస్తాయి. అడవిలో చెట్టుకొమ్మని పట్టుకుని వేలాడుతుంటాయి. మట్టిలో పెడితే ఊపిరాడదు."

"మట్టి వద్దా? మరి కుండీలో ఏం పోస్తావు?"

"బెరడు ముక్కలు, బొగ్గు."

ఆయన నన్ను కాసేపు చూసి, లోపలికి కేకేశాడు. "ఒసేవ్, ఇలా రా. ఈవిడ చిల్లుకుండలో బొగ్గులు పోసి మొక్క పెంచుతుందట."

లోపల్నించి ఆయన భార్య వచ్చి, నన్నూ, ఆయన్నీ చూసి, అటకమీదనుంచి ఒక కుండ దింపింది. లోపల దీపం పెట్టుకుంటే గోడలమీద వెలుగు చుక్కలు పడేలా చుట్టూ చిల్లులు పొడిచిన కుండ. ఇరవై నాలుగు చిల్లులు. నా వృక్షశాస్త్రం మొత్తం ఆ కుండలో కనిపించింది.

"ఇంకా పెద్దది ఉంది, అది తీసుకో. మొక్క కాళ్లు చాపుకుని కూర్చుంటుంది" అన్నాడు పెద్దాయన.

పెద్దదైతే లోపలి తడి ఆరదు. ఆర్కిడ్‌కి ఇరుకే సుఖం. ఒంటిగది వాటాలో కాపురం పెట్టినప్పుడు మేమూ ఇప్పటికన్నా తక్కువే పోట్లాడుకునేవాళ్లం. చిన్నదే తీసుకున్నాను. కలప డిపోలో బెరడు, ఇస్త్రీ అతని దగ్గర బొగ్గు అడిగి తెచ్చుకుని, మొక్కని దీపపు కుండలో నిలబెట్టి, బాల్కనీలో కడ్డీకి వేలాడదీశాను. వారానికి రెండుసార్లు నీళ్లు పోసేదాన్ని. పోసిన నీళ్లు పోసినట్టే ఇరవై నాలుగు దారుల్లో దిగిపోయేవి. చూడముచ్చటగా ఉండేది.

మా బాల్కనీ కింద పళ్ల డాక్టరుగారి బాల్కనీ. ఆయన తన తెల్లకోట్లు అక్కడ ఆరేసుకుంటారు.

మూడోవారంలో ఆయన ఒక కోటుని రెండు వేళ్లతో పట్టుకుని పైకొచ్చారు. భుజాల మీద గోధుమరంగు చుక్కలు. బెరడు కడిగిన నీళ్లు కదా, రంగు దిగుతుంది.

"పేషెంట్లు ఇది రక్తం అనుకుంటున్నారండీ. నిన్న ఒకాయన కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. పన్ను కూడా చూపించలేదు."

"అయ్యో, క్షమించండి డాక్టరుగారూ. కింద పళ్లెం పెడతాను" అన్నాను.

ఆయన మెట్లు దిగబోతూ మావారివైపు తిరిగారు. "సార్ లీకులు ఆపుతారని విని, ఇంకేం భయం అనుకుని ఈ వాటాలో దిగాను."

మెత్తగానే అన్నారు. మత్తుమందు ఇచ్చే చెయ్యి కదా. కాని మావారికి సూది దిగాల్సినచోట దిగింది. ఆ రోజు ఆయన అన్నంలో వేళ్లు కదిపారు తప్ప తినలేదు.

"ఆ కుండీకి అన్ని చిల్లులు అవసరమా?" అన్నారు చివరికి.

నేను అవసరమేనని చెప్పాను. వేర్లనీ, గాలినీ, కుళ్లునీ, అన్నిటినీ వివరించాను. పాఠం చెప్పే అవకాశం నాకు రాక రాక వచ్చింది మరి. ఆయన మొత్తం విని "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదు, కొలత తీసుకుంటున్నట్టు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

కింద పళ్లెం పెట్టాను. గాలికి కుండ ఊగినప్పుడల్లా పళ్లెం తప్పించుకుని ఒకటీ అరా చుక్కలు పడుతూనే ఉన్నాయి. పళ్ల డాక్టరుగారు మెట్లమీద కనిపిస్తే మావారు జేబులో ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వచ్చేసేవారు.

రెండునెలలు ఇలా గడిచాక మా చెల్లెలు ఇల్లు మారుతోంటే సాయానికి వారం రోజులు వెళ్లాను. వెళ్లేముందు చెప్పాను. "మొక్కకి నిన్నే నీళ్లు పోశాను. మీరు పోయకండి. దాన్ని ఏమీ చెయ్యకండి."

"మొక్కని ఏమీ చెయ్యను" అన్నారు. మాట తప్పే మనిషి కాదు. మొక్కని ఏమీ చెయ్యలేదు.

మూడోరోజు ఫోను చేశారు. "ఏమోయ్, ఎప్పుడొస్తున్నావు? నీకొకటి చూపించాలి." గొంతులో ఉత్సాహం చూసి, ఇన్నాళ్లకి నాకు చెప్పకుండా చీర కొన్నారేమో అనుకున్నాను. మనిషి ఆశకి అంతులేదు.

తిరిగి వచ్చినరోజు మెట్లదగ్గర పళ్ల డాక్టరుగారు ఎదురయ్యారు. నవ్వారు. అన్ని పళ్లూ కనబడేలా నవ్వారు. అంతటితో ఆగక నా సంచీ అందుకుని మా గుమ్మం దాకా మోశారు.

"సార్ చేతిలో విద్య ఉందండీ" అన్నారు.

చెప్పులు కూడా విప్పకుండా బాల్కనీలోకి వెళ్లాను.

కుండ అలాగే వేలాడుతోంది. చిల్లులు లేవు. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగూ లోపలినుంచి బూడిదరంగు మందుతో నున్నగా పూడ్చేసి ఉన్నాయి. కుండ నిండా దాదాపు అంచుదాకా నీళ్లు. నీళ్లలో బెరడు ముక్కలు తేలుతున్నాయి. నా ఆర్కిడ్ కంఠందాకా మునిగి, ఏటి మధ్యలో ఆగిపోయిన మనిషిలా ఆకులు మాత్రం పైకి పెట్టుకుని ఉంది. లోపలి గోడమీద పెన్సిల్‌తో ఒక గీత.

"ఏవండీ, ఇదేమిటి?"

ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు, బహుమతి పొట్లం విప్పుతోంటే చూసేవాళ్లలా. "చూశావా! రెండు పూతలు. గీతదాకా నీళ్లు నింపి నిలబెట్టాను. డాబాకైతే రెండురోజులే చూస్తాం. నీ కుండీ అని నాలుగురోజులు చూశాను. ఎండకి కాస్త ఆరిన మాటేగాని, చుక్క కింద దిగలేదు."

"మొక్క ఉండగానే నింపారా?"

"తీస్తే నువ్వు కోప్పడతావు కదా. పూత వేసేటప్పుడే తీశాను, జాగ్రత్తగా మళ్లీ పెట్టేశాను."

నాకు కోపం రావడానికి కూడా కాసేపు పట్టింది. "ఇది డాబా కాదండీ!"

"అందుకే గ్యారంటీ ఏమీ రాసివ్వలేదు" అన్నారు వినయంగా.

నేను మొక్కని పైకెత్తాను. పురికొసల్లా గట్టిగా ఉండే వేర్లు ఉడికిన సేమ్యాలా చేతికి అంటుకున్నాయి. ఒకటి పట్టుకుంటే పైతోలు ఊడి వచ్చి, లోపలి దారం మిగిలింది. తొమ్మిది వేర్లలో మూడే గట్టివి. కింది ఆకు పసుపెక్కి, ముట్టుకోగానే రాలింది. అప్పుడు చూశారాయన. పాతికేళ్లు తడి గోడలు చూసిన మనిషికి కుళ్లు వాసన నేను చెప్పక్కర్లేదు.

"చచ్చిపోయిందా?" అన్నారు మెల్లగా.

"ఇంకా లేదు."

"అక్క ఎప్పుడొస్తుంది?"

"ఆరువారాలుంది."

ఆయన బాల్కనీ గట్టుమీద కూర్చుండిపోయారు. నలభై మూడు ఆర్కిడ్లూ ఒకదాని వెనక ఒకటి తోటికోడలి ఇంటివైపు నడిచి వెళ్తున్నట్టు నాకు కనిపించింది. పోట్లాడడానికి టైము లేదు. దాన్ని తర్వాతకి వాయిదా వేశాను. ఆ వాయిదా ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది, కావలసినప్పుడు కొంచెం కొంచెం వాడుకుంటున్నాను.

కత్తెరని మంటమీద కాల్చి, కుళ్లిన వేర్లన్నీ కోసేశాను. కోతల మీద దాల్చినచెక్క పొడి అద్దాను. ఒక రోజంతా నీడన కాగితంమీద ఆరబెట్టాను. మిగిలిన మూడు వేర్లకి దీపపు కుండ పెద్దదైపోతుంది. వంటింట్లో వెతికితే జీడిపప్పు డబ్బా కనిపించింది. చిన్నది, ప్లాస్టిక్‌ది, అద్దంలా లోపలిది కనబడుతుంది. వేర్లు ఆరాయో తడిగా ఉన్నాయో బయటినుంచే తెలుస్తుంది. తడిస్తే పచ్చగా, ఆరితే వెండి రంగులో ఉంటాయవి. ఇక కావలసినవి చిల్లులు.

"మీరే పెట్టండి" అన్నాను మావారితో.

"నేనా?"

"ఇంకెవరు?"

స్క్రూడ్రైవరు ఎర్రగా కాల్చుకొచ్చి, డబ్బాముందు కూర్చున్నారు. కోడిని కోయలేనివాడి ముందు కోడిని పెట్టినట్టుంది. "ఎన్ని?"

"పక్కలకి ఇరవై."

"ఇరవయ్యా!"

"అడుగున ఇంకో ఆరు."

ఒక్కో చిల్లుకీ ఒక్కో నిట్టూర్పు విడిచారు. పదో చిల్లు దగ్గర "మా మేస్త్రీలెవరైనా చూస్తే పరువు పోతుంది, తలుపు వెయ్యి" అన్నారు. వేశాను. అయితే ఒక్కమాట చెప్పుకోవాలి. ఆ చిల్లులన్నీ ఒకే కొలత, ఒకే ఎడం. పనివాడి చెయ్యి చెడ్డపని కూడా చక్కగానే చేస్తుంది.

ఈలోగా తోటికోడలు ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. నీలం రంగు పింగాణీ కుండీ, అంచుకి బంగారు గీత, వెనకాల అదే నీలం కర్టెను, మధ్యలో మొక్క. మొక్కకి పూలకాడ కూడా లేచింది.

"అక్కా, నీది పంపవేం?" అని ఫోను చేసింది.

"దానికి సిగ్గమ్మా."

"పంపక్కా, ఊరికే చూద్దామని."

మిగిలిన మూడు ఆకుల్లో బాగున్న ఒక ఆకుని దగ్గరగా తీసి పంపించాను.

"ఒక్క ఆకే తీశావేమక్కా?"

"కళాత్మకంగా ఉంటుందని."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అలాంటి పింగాణీ కుండీలకి అడుగున చిల్లు ఉండదని నాకు తెలుసు. నీళ్లు లోపలే నిలిచి, ఇవాళ కాకపోతే రేపు దాని వేర్లు కూడా సేమ్యా అవుతాయని తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. వృక్షశాస్త్రం చదివిన నోరే. కాని తోటికోడలి నోరు కూడా.

వదిన వచ్చే రోజు దగ్గరపడింది. జీడిపప్పు డబ్బా ఎదురుగా పెడితే కథంతా బయటపడుతుంది కదా. అందుకని డబ్బాని తీసుకెళ్లి దీపపు కుండలోనే దింపి, పైన బెరడు పరిచాను. బయటికి కుండ, పైకి మూడు ఆకులు. "మీరు ఎక్కువ మాట్లాడకండి" అని మావారికి చెప్పాను.

"అసలు మాట్లాడను" అన్నారు.

వదిన సరిగ్గా తొమ్మిదింటికి వచ్చారు. చేతిసంచీలోంచి ముందుగా భూతద్దం తీసి బల్లమీద పెట్టి, తర్వాత మంచినీళ్లు అడిగారు. తోటికోడలు అప్పటికే మా ఇంటికి వచ్చి, నీలం కుండీని చంటిపిల్లలా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. రెండు పూలు విచ్చుకున్నాయి, ఐదు మొగ్గలున్నాయి. లేత గులాబి రంగు. ఆమె చీరా గులాబియే.

వదిన పూల వంక చూడనేలేదు. కుండీని చేత్తో ఎత్తి బరువు చూశారు. ఆవిడ మొక్క మొదలు పట్టుకుని పైకి లాగారు. నీలం కుండీలోంచి ఇంకో కుండీ వచ్చింది. పల్చటి ప్లాస్టిక్‌ది, చుట్టూ చిల్లులు, గోడల వెంబడి వెండి రంగు వేర్లు, నిండుగా, ఆరోగ్యంగా.

"ఇది ఎవరు చెప్పారు నీకు?" అన్నారు వదిన.

"చెప్పడమేముంది వదినా. ఇంత మంచి కుండీలో తడి బెరడు పోస్తే మరకలు పడి పాడైపోదూ? అందుకని మొక్కని చిల్లుల డబ్బాలో పెట్టాను. వారానికోసారి సింకులో తడిపి, నీళ్లన్నీ కారిపోయాక తెచ్చి ఇందులో దింపుతాను. మొక్క పోతే ఇంకోటి వస్తుంది కాని, ఈ నీలం మళ్లీ దొరకదు వదినా."

కుండీ మీది ప్రేమతో మొక్కని బతికించింది. నేను మొక్క మీది ప్రేమతో... సరే.

"తొంభై" అన్నారు వదిన. ఆవిడ నోట అంత మార్కులు నేనెప్పుడూ వినలేదు. "నీదేదమ్మాయ్?"

బాల్కనీలోంచి తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ ఆకులు లెక్కపెట్టారు. నేనిచ్చినవి నాలుగు కదా అన్నట్టు నన్ను చూశారు. కుండని ఎత్తారు. చుట్టూ తిప్పారు. బయటివైపు చిల్లుల గుర్తుల మీద వేలు నడిపించి, లోపలికి వేలు పెట్టి గోడ తడిమారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ నున్నగా ఉన్నదేమిట్రా?"

మావారు నావైపు చూశారు. నేను కళ్లతో వద్దన్నాను. పెదవులు బిగించారు. వదిన గోటితో ఒకచోట గీకి, "పెచ్చు లేస్తుందేమో ఇది" అన్నారు.

"లేవదు!" అన్నారు మావారు. "ఎలా లేస్తుందక్కా? రెండు పూతలు. మొదటిది ఆరాక అడ్డంగా రెండోది. నాలుగు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాను. గీత పెట్టి మరీ. చుక్క దిగితే చెప్పు!"

వదిన కుండని మెల్లగా బల్లమీద పెట్టారు.

"నీళ్లు నిలబెట్టినప్పుడు మొక్క ఎక్కడుంది?" అన్నారు వదిన.

మావారు గోడవైపు చూశారు, ఎక్కడైనా చెమ్మ ఉంటుందేమోనని.

ఇక దాచి లాభంలేదు. కుండలోంచి జీడిపప్పు డబ్బా తీసి బల్లమీద పెట్టాను. "ఆయన ముంచారు వదినా. నిజమే. కాని దీన్ని మీకు కనబడకుండా కుండలో దాచింది నేను. అది ఆయనకి రాని పని. ఇంకోటి, పింగాణీ కుండీకి చిల్లు ఉండదని తెలిసీ మీ ఇంకో మరదలికి చెప్పకుండా ఊరుకున్నాను. అక్కర్లేకపోయింది, అది వేరే సంగతి."

"అమ్మ అక్కా!" అంది తోటికోడలు. కోపంగా కాదు, మెచ్చుకున్నట్టే.

వదిన భూతద్దం తీసుకుని డబ్బామీదికి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు. ఆకు మొదట్లో, బియ్యపు గింజకన్నా కొంచెం పొడుగ్గా, పచ్చటి మొనతో కొత్త వేరు ఒకటి.

"ఇదెప్పుడు వచ్చింది?"

"పదకొండు రోజులైంది."

"ఉజ్జాయింపా?"

"కాదు. క్యాలెండరులో ఉంది."

"తీసుకురా."

వంటింటి గోడకున్న క్యాలెండరు తెచ్చాను. గ్యాసు తెచ్చినరోజు, చాకలికి బట్టలు వేసినరోజు మధ్యలో చిన్న అక్షరాలతో రాసుకున్నవి. ఆకులు వడలలేదు. వేర్లు వెండిరంగు, నీళ్లు పోయాలి. మొదట్లో ఏదో ఉబ్బు, నా భ్రమ కావచ్చు. భ్రమ కాదు. అర మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు. మబ్బు, పెరగలేదు. వదిన ఆరువారాలూ తిరగేసి చదివారు, ఒక్క రోజు కూడా వదలకుండా. ఒకచోట ఆగి, "ఈ గురువారం ఖాళీగా ఉందే?" అన్నారు.

"జ్వరం వదినా."

"ఎవరికి?"

"నాకు."

ఆవిడ క్యాలెండరు మూసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత తోటికోడలివైపు తిరిగారు. "మొదటి ర్యాంకు నీదే. వచ్చే ఆదివారం బండి పంపించు. నలభై మూడూ ఇచ్చేస్తాను."

తోటికోడలి ముఖం చీరకన్నా పాలిపోయింది. "నలభై మూడూనా వదినా? అన్నీ నిజంగానే ఇస్తారా? నేను మాటవరసకి అన్నారనుకున్నాను. నా హాల్లో ఒకటుంటే అందం. నలభై మూడుంటే నర్సరీ. వచ్చిన క్లయింట్లు సోఫా వదిలేసి మొక్క ఎంతకిస్తారని అడుగుతారు."

"మరి ఇంత శ్రద్ధగా ఎందుకు పెంచావు?"

"మీరు తిడతారని."

వదిన ఆ జవాబుని కాసేపు నోట్లో పెట్టుకుని చూశారు. నచ్చనట్టు లేదు. "సరే. నీ ఒక్కటీ నువ్వుంచుకో." తర్వాత నావైపు. "నీకు ముప్పై అయిదు. మోసం చేయబోయినందుకు కోసేశాను, క్యాలెండరుకి కలిపాను. అత్తెసరు. అయినా పాసే. వీడికి సున్నా."

"పరీక్షకి నేను దరఖాస్తే పెట్టలేదక్కా" అన్నారు మావారు.

"పెట్టకుండానే మొక్కని ముంచావు. పెడితే ఇంకేం చేస్తావో. వచ్చే ఆదివారం నీ బండి తీసుకురా. ఇప్పటినుంచీ చెప్తున్నాను, ఏ కుండీ లోపలికీ నీ చెయ్యి వెళ్లకూడదు."

చెయ్యి లోపలికి వెళ్లకూడదన్నారు గాని బయటి సంగతి చెప్పలేదు కదా. ఆ వారమంతా మావారు బాల్కనీలో కూర్చుని అరలు బిగించారు, ప్రతి అర కిందా ఏటవాలుగా ఒక రేకు దోనె అమర్చారు. ఏ కుండీలోంచి నీళ్లు కారినా దోనెలో పడి, గొట్టంలోకి నడిచి, నేరుగా కాలువలోకి వెళ్లిపోతాయి. ఇరవై బకెట్లు పోసి పరీక్ష చేశారు. కుండీలు ఇంకా రానేలేదు కాబట్టి నేనేమీ అనలేదు.

ఆదివారం మందుల డబ్బాలూ, పూతల బకెట్లూ దింపేసిన బండిలో నలభై మూడు ఆర్కిడ్లు వచ్చాయి. మట్టివి, ప్లాస్టిక్‌వి, చెక్క బుట్టలవి, ఏ కుండీ లేకుండా బెరడు పలకకి కట్టినవి. ఒక్కోటీ అందిస్తూ వదిన దాని వయసూ, స్వభావమూ చెప్పారు. ఇది అలుగుతుంది. ఇది తిండిపోతు. ఇది ఎనిమిదేళ్లు పూయలేదు, తొమ్మిదో ఏడు ఆగకుండా పూసింది. నేను తలూపుతూ అరల్లో సర్దుతున్నాను. ఆఖరిది అన్నిటికన్నా ముసలిది, పగిలిన అంచుకి తీగ చుట్టిన మట్టి కుండీ. నేను చేతులు చాపి పట్టుకున్నాను.

"ఇచ్చేశాను" అన్నారు వదిన.

కుండీ రాలేదు. ఆవిడ చేతులు దానిమీదే ఉన్నాయి.

"వదినా."

"ఆఁ. ఇచ్చేశానన్నాను కదా."

నేను లాగలేదు. ఇద్దరం అలాగే పట్టుకుని నిలబడ్డాం, ఫొటో తీయించుకుంటున్నవాళ్లలా. మావారు ఏదో అనబోయి, ఈసారి నిజంగానే ఊరుకున్నారు. కొంతసేపటికి ఆవిడ ఒక్కో వేలూ తీశారు.

"ఒక కుర్చీ వేయమ్మాయ్. కాసేపు కూర్చుని పోతాను. నేనేమీ మాట్లాడను. నీ పని నువ్వు చేసుకో."

బాల్కనీలో కుర్చీ వేశాను. ఆవిడ కూర్చున్నారు. చేతులు ఒడిలో పెట్టుకుని నిజంగానే ఏమీ మాట్లాడలేదు. నేను మగ్గుతో మొదటి వరసకి నీళ్లు పోస్తున్నాను. రెండు నిమిషాలు గడిచాయి.

"అమ్మాయ్."

"చెప్పండి వదినా."

"ఆ మూడోదాన్ని ఎండకి కొంచెం ఎడంగా జరుపు."

జరిపాను. జరిపాక, ఆవిడ కుర్చీని కూడా నీడలోకి కొంచెం జరిపాను. ఆవిడ గమనించనట్టే కూర్చున్నారు.

"ఇక ఆ ఐదోది" అన్నారు.